సుబ్బిని ఎవరూ అడగలేదు

'కన్యాశుల్కం' పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గిరీశం. ఆ వెంటనే మధురవాణి. కాస్త శ్రద్ధగా చదివినవాళ్లయితే రామప్పంతులు జిత్తులూ, పూటకూళ్లమ్మ చీపురుకట్టా, లుబ్ధావధాన్ల పిసినారితనమూ వరసగా చెప్పి నవ్విస్తారు. నేను డిగ్రీ చదివేటప్పుడు పరీక్షల్లో అడిగిన ప్రశ్నలూ ఇవే. గిరీశం పాత్ర చిత్రణ గురించి వ్యాసం రాయుము. లేదా మధురవాణి పాత్రను విశ్లేషింపుము. ఆ 'లేదా'కి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ అయిపోతే నాటకం అయిపోయినట్టే.

మరి ఆ నాటకం ఎవరి పెళ్లి గురించి? ఎవరి పెళ్లి తప్పించడానికి అంతమంది అన్ని వేషాలు వేశారు? ఎవరి కోసం ఓ తల్లి నూతిలో దూకింది?

సుబ్బి కోసం. అగ్నిహోత్రావధాన్ల రెండో కూతురు. ముసలి లుబ్ధావధాన్లకి పద్ధెనిమిది వందల రూపాయలకి బేరం కుదిరిన చిన్నపిల్ల. కథంతా ఆ పిల్ల చుట్టూనే తిరుగుతుంది, పిల్ల మాత్రం మనకి కనపడదు. చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ ఆమె నోట వినం. ఆ పెళ్లి గురించి నువ్వేమనుకుంటున్నావే అని ఆ పిల్లనెవరూ అడగరు. కొనేవాడు అడగడు, అమ్మేవాడు అడగడు. కాపాడే మేనమామా అడగడు.

ఇది గురజాడ మరచిపోయి వదిలేసిన సంగతని నేననుకోను. పూటకూళ్లమ్మకీ, నౌకరు అసిరిగాడికీ కూడా ఎవరి యాస వాళ్లకి, ఎవరి విసుర్లు వాళ్లకి ఇచ్చిన మనిషి ఆయన. అలాంటి రచయిత కథకి మూలమైన పిల్లనే తెర వెనక ఉంచేశాడంటే కారణం ఉండి తీరాలి. ఏవో నాలుగు కథలు రాసుకున్న అనుభవంతో చెబుతున్నాను, కథలో ఎవరి నోటికి మాట ఇవ్వాలన్నది ఎంత ఆలోచిస్తామో, ఎవరికి ఇవ్వకూడదన్నదీ అంతే ఆలోచిస్తాం. మాట్లాడే పాత్ర తన సంగతి తనే చెప్పుకుంటుంది. మాట్లాడని పాత్ర చుట్టూ ఉన్నవాళ్ల సంగతి చెబుతుంది.

నాటకానికి 1897లో ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివితే ఆ కారణం తెలుస్తుంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల లెక్క తీయించారు. మూడేళ్లలో లెక్కకి వచ్చినవే 1,034. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి, తేలినవి మాత్రమే అవి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ ముగ్గురికీ మూడు వందల యాభై నుంచి నాలుగు వందల దాకా పలికిందట.

ఆ అంకెల దగ్గర ఓ నిమిషం ఆగండి. ఏడాది పిల్లంటే ఇంకా అడుగులు నేర్చుకుంటూ ఉంటుంది. నోట్లో నాలుగు పళ్లు వచ్చుంటాయి. ఆ పెళ్లికూతురికి నాటకంలో ఏం సంభాషణ రాస్తారు? సుబ్బి వాళ్లకంటే కాస్త పెద్దదే కావచ్చు. కానీ ఆ లెక్క చూశాక సుబ్బి మౌనం నాకు ఒక్క పిల్ల మౌనంలా అనిపించదు.

ఇప్పుడు మహేశం సంగతి చూడండి. నాటకానికి గుండెకాయలాంటి ఎత్తుగడ అది. వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి నాటకాల మనిషి. శిష్యుడు మహేశానికి చీర కట్టించి, గుంటూరు శాస్త్రుల కూతురని చెప్పి, సుబ్బి కంటే తక్కువ ధరకి లుబ్ధావధాన్లకి అంటగడతాడు. ముసలాయన లోభమే సుబ్బిని కాపాడింది, ఇంకెవరి దయాదాక్షిణ్యాలూ కాదు. నాలుగు రూపాయలు కలిసొస్తాయని పెళ్లికూతుర్ని మార్చుకున్నాడు, బజార్లో వంకాయలు చౌకగా దొరికిన కొట్టుకి మారినట్టు.

ఆ మగపిల్లాడు పెళ్లికూతురి వేషంలో చేసే ఆగడాలకి మనం పడీపడీ నవ్వుతాం. ఎందుకు నవ్వగలుగుతున్నాం? చీరలో ఉన్నది మగపిల్లాడని మనకి తెలుసు, ముసలాయనకి తెలియదు. నాటకాల్లో ఇది పాత కిటుకే. ప్రేక్షకుడికి తెలిసి పాత్రకి తెలియనిదేదో ఉంటే అక్కడ నవ్వు పుడుతుంది. కానీ అదే పందిట్లో, అదే పీటల మీద సుబ్బి కూర్చుని ఉంటే? ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు, మనిషిని మారిస్తే చాలు. మన నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. గురజాడ గొప్పతనమంతా ఆ మార్పిడిలోనే ఉందని నా అభిప్రాయం. జరగబోయే ఘోరాన్ని మొదట్నుంచి చివరిదాకా, తాళితో సహా జరిపించి చూపించాడు. మనం తట్టుకోగలిగేలా ఆడపిల్ల బదులు మగపిల్లాణ్ణి పెట్టాడు.

మహేశానికి నోరుంది, తెలివుంది. అన్నిటికంటే ముఖ్యం, పని పూర్తయ్యాక చీర విప్పేసి పారిపోయే వీలుంది. సుబ్బికి ఆ మూడోది ఏ జన్మకీ ఉండదు. ఇంకో సంగతి కూడా గమనించండి. లేని పెళ్లికూతురు మాయమైతే ఊరంతా గగ్గోలు. దెయ్యమో భూతమో అని సీసా పట్టుకుని గవరయ్య రావడం, చంపేశారని కేసు, వకీళ్లూ కచేరీలూ! పుట్టని ఆడపిల్ల కోసం ఇంత హడావిడి జరిగింది. నిజంగా పుట్టి, ఇంట్లో తిరుగుతున్న పిల్లని అమ్మేస్తుంటే మాత్రం ఏ కచేరీకీ పట్టలేదు. అప్పటికి, అంటే 1891లో, ప్రభుత్వం పెద్ద గొడవ మధ్య చట్టం తెచ్చి భర్త భార్యని ముట్టుకోగల వయసును పదేళ్ల నుంచి పన్నెండేళ్లకి పెంచిందంతే. ఆ మరుసటేడు, 1892లో, ఈ నాటకాన్ని విజయనగరంలో మొదటిసారి ఆడారు.

మహేశం ఈ పనికి ఎందుకు ఒప్పుకున్నాడో గుర్తుందా? పని సాధిస్తే తన కూతుర్నిచ్చి ఇల్లరికం ఉంచుకుంటానని గురువుగారు ఆశ పెడతాడు. ఒక ఆడపిల్లని బేరం నుంచి తప్పించడానికి ఇంకో ఆడపిల్లని బహుమానంగా పెట్టడమన్నమాట! ఆ పిల్లకి మన ముందు మాట లేదు. మంచివాడైన మేనమామకి కూడా ఇందులో తప్పేం కనపడలేదు. చదివేటప్పుడు మనకీ కనపడదు, హాస్యం అంత వేగంగా సాగిపోతుంది.

ఇక వెంకమ్మ. నాటకం చూసినవాళ్లలో చాలామంది ఈవిడ పేరు కూడా మరిచిపోతారు. మొగుడు నోరు పెట్టుకుని బతికే మనిషి, ఈవిడ నోరు మూసుకుని బతికే మనిషి. ముందే పెద్ద కూతురు బుచ్చమ్మని ఓ ముసలాడికి అమ్మేస్తే ఆ పిల్ల విధవై ఇంట్లో ఉంది. రెండోదాన్ని కూడా అలాగే అంటే ఇక చెప్పి ప్రయోజనం లేదని వెళ్లి నూతిలో దూకింది. బయటికి తీశారు, బతికింది. ఆ ఇంట్లో తల్లి మాటకున్న విలువెంతో చెప్పడానికి గురజాడకి పేజీల సంభాషణ అక్కర్లేకపోయింది. అగ్నిహోత్రావధాన్ల అరుపుల పక్కన ఒక్క నుయ్యి పెట్టాడు.

కాళ్లకూరి నారాయణరావు రాసిన 'వరవిక్రయం'లోనూ ఓ నుయ్యి ఉంది. 1920ల నాటి నాటకం. అప్పటికి గాలి అటునుంచి ఇటు తిరిగింది, ఆడపిల్లకి వెల కట్టడం పోయి మగపిల్లాడికి వెల కట్టడం వచ్చింది. తండ్రి తన కట్నం కోసం అప్పుల పాలవుతుంటే చూడలేక కాళింది నూతిలో పడి చనిపోతుంది. ఆమె చెల్లెలు కమల పెళ్లయ్యాక మగపెళ్లివారికి బుద్ధి చెబుతుంది. 1939లో అది సినిమాగా వచ్చినప్పుడు భానుమతి తొలి వేషం ఆ కాళిందే. అక్కడ పెళ్లికూతురికి నోరుంది, చదువుంది, వాదన ఉంది. అయినా నూతి దాకా పోవాల్సి వచ్చింది. రెండు నాటకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకి పారినా నుయ్యి మాత్రం ఆడవాళ్ల వైపే ఉంటుంది.

నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది బుచ్చమ్మకి మనం వేసే మార్కులు. 'అమాయకురాలు' అంటారు, గిరీశం మాయమాటలకి పడిపోయిందంటారు. నేనొప్పుకోను. ఆ సన్నివేశాన్ని తీసి నెమ్మదిగా, గిరీశం ఇంగ్లీషు ముక్కలు పక్కన పెట్టి, బుచ్చమ్మ మాటలు మాత్రమే చదువుతూ వెళ్లండి. ఎక్కువ భాగం ప్రశ్నలే. పెళ్లాడితే పాపం కాదా, శాస్త్రం ఒప్పుకుంటుందా, తల్లిదండ్రులేమైపోతారు? తెలివితక్కువ మనిషి వేసే ప్రశ్నలా అవి? ఇంట్లోంచి బయటికి పంపని, అక్షరం నేర్పని పిల్ల, ఎదుటివాడు చెప్పే దాన్ని తనకి తెలిసినంతలో తూకం వేసి చూసుకుంటోంది.

గిరీశం ఎంత మాటకారైనా తన అందం గురించీ, ప్రేమ గురించీ, సంఘ సంస్కారం గురించీ చెప్పినంతసేపూ ఆవిడ కదల్లేదు. లేచిపోతే చెల్లెలి పెళ్లి తప్పుతుందన్న మాట దగ్గర కదిలింది. తన పరువు పోతుంది, తల్లిదండ్రులకి తలవంపులవుతుంది, ఇంటికి తిరిగి రావడానికి దారుండదు. ఇవన్నీ తెలిసే ఒప్పుకుంది. సుబ్బి కోసం మామయ్య వేషం వేశాడు, మధురవాణి తెలివి ఖర్చు పెట్టింది, తల్లి ప్రాణం తీసుకోబోయింది. బుచ్చమ్మ తన జీవితాన్నే పెట్టింది. ఇందులో అమాయకత్వం ఎక్కడుంది? అబద్ధమాడినవాడిది తెలివీ, నమ్మినవాళ్లది తెలివితక్కువా అనుకోవడం మనకి బాగా అలవాటైపోయింది.

ఇక్కడ గురజాడ శిల్పం గురించి ఓ మాట. మనసులో మాట పైకి చెప్పుకునే అవకాశం, అదే స్వగతం, నాటకంలో పెద్ద ఆస్తి. గిరీశానికి ఆ ఆస్తి పుష్కలంగా ఉంది. రామప్పంతులికీ మధురవాణికీ ఉంది. వాళ్ల లోపలా బయటా మనకి తెలుసు, అందుకే వాళ్ల మోసాల్ని కూడా ముద్దుగా చూస్తాం. బుచ్చమ్మకి ఆ వైభోగం లేదు. ఆవిడ లోపలికి మనం ఆవిడ ప్రశ్నల ద్వారానే వెళ్లాలి. అంత ఓపిక లేక 'అమాయకురాలు' అని చీటీ అంటించేసి పక్కకి పోతున్నాం.

మీనాక్షి విషయంలో మాత్రం నాకు గురజాడ మీద కాస్త కోపముంది. లుబ్ధావధాన్ల విధవ కూతురు. పెళ్లి చేసుకుంటానని ఆశపెట్టిన రామప్పంతులు అవసరం వచ్చేసరికి జారుకుంటాడు. తండ్రి ఇంట్లో చోటు లేదు, నమ్మినవాడి ఇంట్లో చోటు లేదు. బుచ్చమ్మకి ఏ ప్రమాదం పొంచి ఉందో అది మీనాక్షికి జరిగిపోయింది. ఇద్దరూ ఒకరికొకరు అద్దంలా ఉన్నారు. కానీ బుచ్చమ్మకి దక్కిన జాలి మీనాక్షికి దక్కదు, ఆవిడ కష్టాన్ని ప్రహసనంలా నడిపించారు. ఇది మనుషుల తీరని చూపించడానికే అలా రాశారని పెద్దలు అనొచ్చు. కావచ్చు. కానీ హాల్లో నవ్వేవాళ్లలో ఎంతమంది మీనాక్షిని చూసి నవ్వుతున్నారో, ఎంతమంది రామప్పంతుల్ని చూసి నవ్వుతున్నారో ఎవరు తేల్చగలరు?

మధురవాణి గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు కనుక ఒక్క విషయమే చెబుతాను. 1909లో గురజాడ నాటకాన్ని తిరగరాసినప్పుడు ఆవిడ పాత్ర బాగా పెరిగింది. చివర్లో ఆవిడ వకీలు సౌజన్యారావు పంతులి ఇంటికి మగవేషంలో వెళుతుంది. ఆయన వేశ్యల మొహం చూడని నియమం ఉన్నవాడు. కేసు తేలాలంటే నిజం తెలియాలి, నిజం తెలిసింది ఆవిడకి. ఆడమనిషిగా వెళితే గుమ్మం దాటనివ్వడు. అందుకని మగవాడి బట్టలు కట్టుకుని వెళ్లి చెప్పింది. షేక్‌స్పియర్ 'వెనిస్ వర్తకుడు'లో పోర్షియా కూడా మగ వకీలు వేషంలోనే కోర్టులో వాదిస్తుంది. ఇంగ్లీషు సాహిత్యం బాగా చదువుకున్న గురజాడకి ఆ సంగతి తెలియకపోదు. కానీ మన నాటకంలో ఆ వేషానికి జోడీ వేషం ఒకటుంది. మొదట మగపిల్లాడు చీర కట్టాడు, చివర ఆడమనిషి మగబట్టలు కట్టింది. చీర కట్టినవాడికి వెల కట్టారు. మగబట్టలు కట్టినావిడ మాట విన్నారు. బట్టలు మార్చి ఇంత పెద్ద విషయం చెప్పిన నాటకం మన భాషలో ఇంకోటి ఉందా అని నా అనుమానం.

తర్వాత బుచ్చమ్మని పుణెలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు సౌజన్యారావు. మంచిదే. కార్వే అక్కడ విధవల కోసం ఆశ్రమం పెట్టింది 1896లో, అంటే అది గాలిలో మేడ కాదు, అప్పటికి దేశంలో నిజంగా ఉన్న దారి. అక్కడ చదువుకుంటుంది, తన కాళ్ల మీద తను నిలబడుతుంది. నాకు అందరికంటే ముందుకి వెళ్లింది ఆవిడేననిపిస్తుంది. అయితే వెళతావా అని ఆవిడని అడగడం మాత్రం మనం చూడం. పెద్దమనుషులు ఆవిడ మంచి ఆలోచించి పంపించారు, అంతే.

సుబ్బి మౌనం ఆ నాటకంతో ముగియలేదని నేననుకుంటాను. తర్వాత గురజాడే 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ' రాశారు. అదే కథ. డబ్బుకి ఆశపడిన తండ్రి, ముసలి పెళ్లికొడుకు, చిన్నపిల్ల. కానీ అక్కడ కరటకశాస్త్రి లేడు, మహేశం లేడు, మధురవాణి లేదు. ఎవరూ రాలేదు. అందుకే పూర్ణమ్మకి మాట వచ్చింది. అన్నదమ్ముల్ని పిలిచి, తనని తలుచుకోమని, ఒక్కొక్కటే అప్పగింతలు పెట్టుకుని, పూలు తీసుకుని దుర్గ కొలువుకి వెళ్లింది. కొలను నుంచి తిరిగి రాలేదు. నాటకంలో జరగకుండా తప్పించిన పెళ్లిని గేయంలో జరిపించి, ఆ పిల్ల ఏమనుకునేదో ఆ పిల్ల చేతే చెప్పించాడు. 1955లో ఎన్.టి. రామారావు, సావిత్రి నటించిన 'కన్యాశుల్కం' సినిమాలో ఆ గేయాన్ని కూడా వాడుకున్నారు. సినిమా తీసినవాళ్లకి కూడా ఆ పిల్ల గొంతు లేని లోటు తెలిసిందేమో!

ఇదంతా పాత కథ కదా, కన్యాశుల్కం ఎప్పుడో పోయింది కదా అంటారా? శుల్కం పోయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఆడవాళ్లని అడిగితే, పద్ధెనిమిది నిండకుండానే పెళ్లయిందన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా తేలారు. అగ్నిహోత్రావధాన్లలా వీళ్ల తండ్రులు డబ్బు లెక్కపెట్టుకోలేదు, నిజమే. మంచి సంబంధం అన్నారు, ఊళ్లో రోజులు బాగాలేవన్నారు, మా బాధ్యత తీరిపోతుందన్నారు. పిల్లని అడిగారా అంటే, చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నారు. ఏమీ తెలియనంత చిన్నదైతే పెళ్లెందుకని తిరిగి అడిగే వెంకమ్మలు మన ఇళ్లల్లో ఎందరున్నారు?

స్కూళ్లల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో 'కన్యాశుల్కం' అంటే గిరీశం, వెంకటేశం సీను తప్ప ఇంకోటి వేయరు. ఆ సీను బాగుంటుంది, కాదనను, పిల్లలు చప్పట్లు కొడతారు. మీ పిల్లల స్కూల్లో తెలుగు టీచరు మీకు తెలిసినావిడైతే ఓసారి చెప్పి చూడండి. అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో పెళ్లి సంగతి బయటపడే సీను ఈ ఏడు వేయించమనండి. వెంకమ్మకి, బుచ్చమ్మకి కాస్త గొంతున్న పిల్లల్ని ఎంచమనండి. సుబ్బి వేషానికి మాటలేం నేర్పక్కర్లేదు, రిహార్సల్సూ అక్కర్లేదు. ఏ నాలుగో తరగతి పిల్లనో పరికిణీ కట్టించి, పెద్దవాళ్లు అరుచుకుంటున్నంతసేపూ వేదిక మీద ఓ పక్కన కూర్చోబెట్టమనండి. చింతపిక్కలు ఆడుకుంటూ ఉంటే చాలు.